తలుపవతలికి వినబడే కెమెరా

ఆసుపత్రిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఎదురుపడితే 'ఫొటోగారూ' అంటారు. అటు తిరగగానే 'ఆఖరి ఫొటో' అంటారు. ఆ రెండో పేరు పెట్టినవాడు పరాయివాడేమీ కాదు, స్వయానా అతని భార్యకు తమ్ముడు, మార్చురీలో సహాయకుడు. "పెళ్లిళ్ల ఫొటోలు తీసినన్నాళ్లూ మా బావ ప్రాణం తోడేసేవాళ్లు. ఇప్పుడు చూడండి, ఒక్కడైనా 'నా మొహం సరిగ్గా రాలేదు' అని గొడవపెట్టుకుంటాడా!" అని వచ్చినవాళ్లకూ పోయేవాళ్లకూ చెప్పి నవ్వించేవాడు. బావ నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. ఆయన నోట మాట పుట్టేలోపు అన్నం ఉడుకుతుందని భార్య అనేది.

అతని పని చెప్పడానికి చిన్నది. అనుమానాస్పదంగా చనిపోయిన ప్రతి మనిషి శరీరాన్నీ, కోతకు ముందు, అన్ని వైపుల నుంచీ ఫొటో తీయాలి. ఆ ఫొటోలు డాక్టరు బల్ల మీది కంప్యూటరుకు చేరతాయి. డాక్టరు శరీరాన్ని ఒకసారి చూస్తాడు, అదీ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, గుమ్మం దగ్గర నుంచి. నివేదిక మాత్రం తీరిక దొరికినప్పుడు ఆ ఫొటోలు చూస్తూ రాస్తాడు. శరీరాన్ని చూసి రాయవలసిన దాన్ని బొమ్మను చూసి రాయడం అక్కడ ఎంతగా పాతుకుపోయిందంటే, అది తప్పని ఎవరైనా అంటే, అన్నవాడినే వింతగా చూస్తారు. కాబట్టి ఒక మనిషి ఎలా చచ్చిపోయాడన్నది, చట్టం దృష్టిలో, అతని కెమెరాకు ఏం కనబడిందన్న దాని మీద ఆధారపడి ఉండేది. ఇది అతనికి తెలుసు. తెలిసే ఆ బరువును మెడలో వేసుకుని తిరిగేవాడు.

మెడలోని బరువు నిజంగానే బరువు. పెళ్లిళ్ల కాలంలో కొన్న పాత డీఎస్ఎల్ఆర్. అంచుల దగ్గర నలుపు పోయి తెల్లబడింది. పట్టుకునేచోట రబ్బరు ఊడిపోతే భార్య సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి అతికించింది. దాని లోపల ఒక అద్దం ఉంటుంది. మీట నొక్కగానే ఆ అద్దం ఎగిరి, వెనక పరదా తెరుచుకుని మూసుకుని, అద్దం మళ్లీ కింద పడుతుంది; పెద్ద తాళం పడినట్టు చప్పుడు. ఫొటో తీయాలంటే కన్ను ఆనించి చూడక తప్పదు. ఆ కంతలో కనిపించేది తెర మీద తయారైన బొమ్మ కాదు, ఎదుటి వస్తువు మీద పడి తిరిగొచ్చిన వెలుగే.

దానికి ఉన్నది ఒక్కటే జబ్బు. లోపలి గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. పెద్ద బ్యాటరీని ఛార్జింగుకు తీసిన ప్రతిసారీ ఆ కెమెరా తాను తయారైన సంవత్సరానికి, జనవరి ఒకటో తేదీకి వెళ్లిపోతుంది. బాగుచేసేవాడు మొత్తం విప్పాలన్నాడు, విప్పితే మళ్లీ కలుస్తుందని మాత్రం చెప్పలేనన్నాడు. అందుకని అతను ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మార్చురీ గోడ గడియారం కింద చిన్న పలక వేలాడదీశాడు. దాని మీద ఆ రోజు తేదీ, కేసు నంబరు సుద్దతో రాసి, ప్రతి శరీరానికీ మొదటి ఫొటో ఆ గడియారాన్నీ పలకనూ కలిపి తీసేవాడు. తర్వాత వచ్చే ఫొటోలన్నిటికీ ఆ మొదటి ఫొటోయే జామీను. కెమెరా ఏ తేదీ చెప్పినా పలక నిజం చెబుతుంది. ఇన్నేళ్లలో ఎవరూ వంక పెట్టలేదు.

అతను పెట్టుకోని పద్ధతి ఇంకొకటి ఉంది. అది దానంతట అదే ఏర్పడింది. మార్చురీది రేకు తలుపు. లోపలి చప్పుళ్లన్నీ బయట వరండాలోకి వినబడతాయి. చనిపోయినవాళ్ల బంధువులు ఆ వరండాలోనే, గోడకు ఆనుకుని, నిలబడి ఉంటారు. లోపలికి రానివ్వరు, ఏమీ చెప్పరు. కెమెరా చప్పుడు వినబడగానే ఏడుపులు ఆగిపోతాయి. చప్పుడు వస్తోందంటే లోపల ఎవరో చూస్తున్నారు. ఎక్కువసేపు వస్తోందంటే చూడవలసినదేదో ఉంది. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం ఎక్కువైతే ఎక్కడో ఆగి, వంగి, దగ్గరగా చూస్తున్నారు. ఈ లెక్క ఎవరు ఎవరికి నేర్పారో తెలియదు. కొత్తగా వచ్చిన వాళ్ల చెవిలో పాతవాళ్లెవరో వేస్తారు. ఇది తెలిసిన దగ్గర్నుంచి అతను తొందరపడడం మానేశాడు. నోటితో ఓదార్చడం చేతకాని మనిషి, మీటతో ఓదార్చేవాడు.

అలా నడుస్తుండగా ఆసుపత్రికి కొత్త కెమెరా వచ్చింది. గుప్పిట్లో పట్టే కాంపాక్టు. సిబ్బంది సొంత పరికరాలు వాడడం నిబంధనలకు విరుద్ధమని పైవాళ్లకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. స్టోరు గుమాస్తా దాన్ని అప్పగిస్తూ, "డయలు ఆటోలో పెట్టాను. ఎవరూ అటూ ఇటూ తిప్పకుండా టేపు కూడా వేశాను. మీరు నొక్కడమే, మిగతాదంతా అదే చూసుకుంటుంది," అన్నాడు గొప్పగా.

బామ్మర్ది దాన్ని అరచేతిలో తూచి చూశాడు. "బావా, ఇది కెమెరానా, సబ్బుబిళ్లా? నీ పాతది నెత్తిన పడితే ఇంకో శవం తయారవుతుంది. ఇది పడితే బొప్పి కూడా కట్టదు."

"మంచిదేలేరా. వెలుగు తక్కువున్నా పనిచేస్తుందంట."

"మాట్లాడావే! ఏదీ, నన్ను తియ్యి."

తీశాడు. తెర మీద బామ్మర్ది మొహం చుట్టూ పచ్చటి చతురస్రం వచ్చి కూర్చుంది. చూసుకుని వాడు మురిసిపోయాడు. "అరెరె, నా మొహం మీది గుంటలన్నీ ఏవి? పెళ్లిచూపులప్పుడు ఈ కెమెరా ఉంటే నా బతుకు వేరేగా ఉండేది బావా."

ఆ మాటకు అతను కూడా పెదవి కదిపాడు. నవ్వి వదిలేశాడు; ఆ గుంటలు ఎటు పోయాయని అక్కడ ఆగవలసినవాడు ఆగలేదు.

కొత్తదానిలో మంచి లేదని కాదు. తేదీ తప్పదు. తెర పెద్దది. వంగకుండానే చెయ్యి చాపి ఎలాంటి మూలలోనైనా తీయవచ్చు. నడుం నొప్పి తగ్గిందని అతనే భార్యతో చెప్పాడు. చప్పుడు మాత్రం లేదు. నొక్కితే స్పీకరు లోంచి పిచ్చుకపిల్ల కూతలాంటిది వస్తుంది, అది బల్ల కూడా దాటదు. ఇంకొక విషయం అతను ఎవరికీ చెప్పలేదు. ప్రతి శవం ముఖాన్ని తీసినప్పుడూ ఆ కెమెరా ఒక హెచ్చరిక చూపేది: 'ఎవరో కళ్లు మూసుకున్నారు. మళ్లీ తీయాలా?' మొదటిసారి అది చదివి అతను కెమెరాను బల్ల మీద పెట్టేసి, కొంచెంసేపు బయటికెళ్లి నిలబడ్డాడు.

ఆ కుర్రాడి శరీరం వచ్చింది పట్టపగలు. పెద్ద గోదాములో పెట్టెలు మోసే పనివాడు. సరుకు పోయిందని గోదాము కాపలావాళ్లు తనిఖీ గదిలోకి తీసుకెళ్లారు. ఆ గదిలోంచి తిరిగొస్తూ ఇనుపమెట్ల మీద నుంచి జారిపడ్డాడని కంపెనీ కాగితం. కాగితంతో పాటు కంపెనీ మనుషులు కూడా వచ్చి డాక్టరు గదిలో కూర్చున్నారు. వాళ్లకు కుర్చీలు వేశారు. ఆ కుర్రాడి తరఫున వరండాలో నిలబడ్డది ఒక్కతే మనిషి, అతని అక్క. సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ మధ్యలో దిగి పరుగెత్తుకొచ్చింది. ఖాకీ చొక్కా తడిసిపోయి ఉంది. టికెట్ల యంత్రం ఇంకా భుజానికి వేలాడుతోంది.

అతను పలక మీద తేదీ రాశాడు. కొత్త కెమెరాతో గడియారాన్నీ పలకనూ తీశాడు. తర్వాత శరీరాన్ని తీశాడు: ముఖం, ఛాతీ, చేతులు, వెనక్కి తిప్పించి వీపు. చెయ్యి చాపి, తెర చూస్తూ, అలవాటైన వేగంతో. తల వెనక దెబ్బ ఉంది. మెట్ల మీద పడితే తగిలేలాంటి దెబ్బే. ముఖం ప్రశాంతంగా వచ్చింది. కెమెరా అడగవలసింది అడిగింది. అతను 'వద్దు' నొక్కాడు.

అప్పుడు తలుపు దడదడలాడింది.

"ఏం చేస్తున్నారు లోపల? ఒక్క ఫొటో కూడా తియ్యలేదే! ఎవరికి అమ్ముడుపోయార్రా మీరు?" బస్సు చివరి సీటుదాకా వినబడే గొంతు అది. రేకు తలుపు దాన్ని ఆపలేదు.

బామ్మర్ది తలుపు సందులోంచి, "తీస్తున్నారమ్మా, నీకు దండం పెడతాను, అరవకు," అన్నాడు.

"తీస్తే చప్పుడేది? ఇందాక ఇక్కడ ఒకావిడ చెప్పింది, చప్పుడొస్తుందని. నా చెవులేం పనిచెయ్యకుండా పోయాయా?"

ఇన్నేళ్లుగా తలుపుకు అవతల నిలబడ్డవాళ్లకు తాను అందిస్తూ వచ్చినదేమిటో, కొత్త కెమెరా వచ్చిన దగ్గర్నుంచి ఎంతమంది ఏమీ వినకుండా వెళ్లిపోయారో, అతనికి ఒక్కసారిగా అర్థమైంది. మేకుకు తగిలించిన పాత కెమెరాను తీశాడు. రికార్డు కోసం కాదు, ఆ అమ్మాయికి వినబడాలని. కెమెరాను కంటికి ఆనించాడు, మీట నొక్కాడు. చప్పుడు రేకు తలుపును తాకింది. బయట అరుపు తెగిపోయింది.

ఊరికే నొక్కుదామనే ఎత్తాడు. అయితే ఆ కంతలో కన్ను పెట్టినవాడు చూడకుండా ఉండలేడు. కంఠం దగ్గర, దవడ ఎముక నీడలో, చర్మం రంగు మారి ఉంది. వంగాడు. ఒకవైపు ఒక మచ్చ, బొటనవేలంత. రెండోవైపు వరసగా మచ్చలు, మిగతా వేళ్లంత. ఆ మచ్చల పక్కనే ఒక నల్లటి పుట్టుమచ్చ. అతను చేతులు చూశాడు. మణికట్ల చుట్టూ సన్నటి ఎర్రటి గీత. ఇందాక ఇవే చేతుల్ని ఫొటో తీశాడు, ఇదే కంఠాన్ని తీశాడు. తెరను చూశాడే గానీ మనిషిని చూడలేదు.

తర్వాత అతను నొక్కిన ప్రతి నొక్కూ ఒళ్లు తెలిసి నొక్కినదే. చుట్టూ తిరిగి, దగ్గరకు జరిగి, మచ్చ మచ్చకూ ఆగి తీశాడు. బయట టికెట్ల యంత్రం గోడకు ఒరుసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె వింటోంది. ఎడం పెరిగేకొద్దీ ఆమెకు అర్థమవుతోంది.

ఒక్క పని మాత్రం అతను చేయలేదు. పాత కెమెరాతో పలకను తీయలేదు. అప్పటికే తీసేశానన్న ధీమా మనసులో ఉండిపోయింది. తీసింది వేరే కెమెరాతోనని తట్టలేదు. ఇన్నేళ్లలో పలక తీయకుండా అతను పాత కెమెరా మీట నొక్కింది ఆ ఒక్కరోజే.

అతను రెండు కెమెరాలూ పట్టుకుని డాక్టరు గదికి వెళ్లాడు. కంపెనీ మనుషుల ముందే, "సార్, గొంతు మీద గుర్తులున్నాయి. ఒకసారి వచ్చి చూడాలి," అన్నాడు. అతను అంత పొడుగు మాట మాట్లాడడం ఆ గదిలో ఎవరూ ఎరగరు.

డాక్టరు కొత్త కెమెరా కార్డును కంప్యూటరుకు పెట్టాడు. ముఖం, కంఠం తెర నిండా వచ్చాయి. పింగాణీలా నున్నగా, మెత్తగా, నిద్రపోతున్నట్టు. "ఎక్కడయ్యా గుర్తులు? నువ్వు తీసిందే కదా ఇది?"

"పాతదాంట్లో ఉన్నాయి సార్."

"ఆ డొక్కుదాన్ని వాడొద్దని కదా ఆర్డరు! వెలుగు చాలక నీడ పడి ఉంటుంది. వెళ్లు."

శరీరాన్ని అప్పగించేశారు. ఆ పూటే అంత్యక్రియలు అయిపోయాయి. ఇక ఆ కంఠం లోకంలో రెండే చోట్ల మిగిలింది, రెండు కార్డుల్లో. ఒకదానిలో గాయం ఉంది, రెండోదానిలో లేదు.

ఇంటికొచ్చాక అతను రెండు కార్డుల ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. భార్య కూరగాయల కత్తి చేత్తో పట్టుకునే వచ్చి వెనక నిలబడింది.

"ఇద్దరూ ఒకే మనిషా?"

"ఒకే మనిషే."

"ఇందులో పుట్టుమచ్చ కూడా లేదేమండీ?"

అతను కొత్త కెమెరాతో వచ్చిన పుస్తకం వెతికి తీసి చదివాడు. ఆటోలో పెడితే, ఎదురుగా ముఖం ఉన్నట్టు కనిపెట్టగానే, ఆ కెమెరా చర్మం మీది మచ్చలను దానంతట అదే తుడిచి నునుపు చేస్తుందట. అందాన్ని పెంచే సౌకర్యమని రాసి ఉంది. వెలుగు తక్కువైనచోట మరకలనుకున్న వాటిని కూడా చదును చేస్తుందట. మణికట్టు గీత అలా పోయింది. పెళ్లిళ్ల రోజుల్లో ఈ పనే అతను రాత్రీ పగలూ కూర్చుని చేత్తో చేసేవాడు. మొటిమలు తీసేవాడు, కళ్లకింద నలుపు తీసేవాడు, అడిగినా అడక్కపోయినా పుట్టుమచ్చలు తీసేవాడు. ఇప్పుడు ఆ పని యంత్రం నేర్చుకుంది. ఎవరిని తుడవాలో ఎవరిని తుడవకూడదో దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన డయలు మీద టేపు వేసి ఉంది.

పాత కెమెరా ఫొటోలను అతను కండక్టరమ్మకు ఇచ్చాడు. ఆమె వాటిని తీసుకుని తిరగని గుమ్మం లేదు. తోటి కండక్టర్లు, డ్రైవర్లు కలెక్టరు కార్యాలయం మెట్ల మీద కూర్చున్నాక, బస్సులు ఆగాక, ఒక విచారణాధికారిని వేశారు. విచారణ అంటే న్యాయస్థానం కాదని, బంధువుల తరఫున వకీలు అక్కర్లేదని ముందే తేల్చారు. కంపెనీ తరఫున మాత్రం వకీలు వచ్చాడు. ఆయన వకీలుగా కాదు, 'సలహాదారు'గా వచ్చాడట. అన్యాయం చేయదలచుకున్న చోట ఒక్కొక్కసారి తలుపు బద్దలుకొట్టనక్కర్లేదు; కుర్చీకి పేరు మారిస్తే సరిపోతుంది.

సాక్ష్యం చెప్పవలసిన రోజు పొద్దున భార్య అతని చొక్కా గుండీలు పెడుతూ మెల్లగా అంది. "ఏమండీ, పలక తీశారా అని అడిగితే, తీశాను, ఆ ఒక్కటీ చెరిగిపోయింది అనండి. ఎవరి కొంప మునుగుతుంది?"

"ప్రమాణం చేయిస్తారే."

"ఆ మచ్చలు నిజమా కాదా?"

"నిజం."

"అయితే నిజం కోసమే చెబుతున్నారు. మీ నోరు అసలే తెరుచుకోదు. ఇవాళ ఒక్కరోజు తెరిచి ఆ మాట అని మూసేయండి."

అతను ఊకొట్టాడు. దారి పొడుగునా ఆ వాక్యాన్నే నాలుక మీద తిప్పుకుంటూ వెళ్లాడు.

కంపెనీ వకీలు వయసులో చిన్నవాడు, మర్యాదలో ఘనుడు. అతన్ని 'మీరు' అంటూనే నేలకు నొక్కాడు.

"ఈ ఫొటోలు మీరే తీశారా?"

"తీశానండి. ఆ రోజే."

"మీ కెమెరా అలా అనడం లేదే. కెమెరా చూపించే తేదీకి చనిపోయినతను బడికెళ్లే పిల్లాడు." హాల్లో వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "మీ కెమెరాకు భవిష్యత్తు చూసే విద్య ఉందా?"

"దాని గడియారం పాడైందండి. అందుకే ముందు పలక ఫొటో తీస్తాను."

"చాలా మంచి పద్ధతి. ఈ వరసలో పలక ఏదీ?"

అతను నోరు తెరిచాడు. నాలుక మీద వాక్యం సిద్ధంగా ఉంది. ఎదురుగా మూడో వరసలో కండక్టరమ్మ ఖాకీ చొక్కాతోనే కూర్చుని, కళ్లార్పకుండా అతన్నే చూస్తోంది. ఆమెకు ఆ రోజు వినబడినదేమిటో ఆమెకు తెలుసు. దాన్ని అబద్ధంగా మార్చడానికి అతనికి మనసొప్పలేదో, లేక చిన్నప్పటి నుంచీ రాని విద్య ఆ పూట మాత్రం ఎందుకొస్తుందో, నాలుక మీది వాక్యం అక్కడే ఎండిపోయింది.

"తీయలేదండి."

"ఎప్పుడూ తీసే పలక ఆ రోజు ఎందుకు తీయలేదు?"

"మొదట రికార్డు కోసం తీయలేదండి ఇవి."

"మరి దేనికోసం?"

"చప్పుడు కోసం."

విచారణాధికారి కలం ఆపి తలెత్తాడు. వకీలు గొంతు ఇంకా మెత్తబడింది. "స్పష్టంగా చెప్పండి. రాసుకుంటున్నారు."

"బయట ఆ అమ్మాయి నిలబడి ఉందండి. కొత్తదానికి చప్పుడు లేదు. ఫొటోలు తీస్తున్నట్టు ఆమెకు తెలియాలని పాతదాన్ని నొక్కాను. అప్పుడు కనబడ్డాయి."

"అంటే, ఫొటోలు తీస్తున్నట్టు నటించడానికి." వకీలు కూర్చోబోయి మళ్లీ లేచాడు. "ఇంకొక్కటి. మీ ఫొటోల్లో ముఖం లేదు, ఒట్టి కంఠమూ మణికట్లే. పక్కన పుట్టుమచ్చ. అధికారిక ఫొటోలో పుట్టుమచ్చ లేదు. ఇది ఎవరి కంఠం?"

"మా వాడిదే!" కండక్టరమ్మ లేచి నిలబడింది. కిటికీ అద్దాలు అదిరాయి. "పుట్టినప్పటి నుంచీ ఉంది వాడికి. నా చేతుల్లో పెరిగాడు. నాకు తెలియదా?"

"మీ దగ్గర అతని ఫొటో ఏదైనా ఉందా అమ్మా, ఆ మచ్చ కనబడేది?"

ఆమె ఫోను తీసింది. వేళ్లతో తోసుకుంటూ పోయింది. నవ్వుతున్న తమ్ముడు, టోపీ పెట్టుకున్న తమ్ముడు, బస్సు ముందు పోజిచ్చిన తమ్ముడు. ఒక్కదానిలోనూ మచ్చ లేదు. ఫోను ఎప్పటికప్పుడు తుడిచేసింది. కంపెనీ గుర్తింపు కార్డు తీసింది. దాన్ని తీసిన స్టూడియోవాడు తుడిచేశాడు. ఆమె వేళ్లు ఇంకా తోస్తూనే ఉన్నాయి. హాలు మొత్తం ఆమె వేళ్లనే చూస్తోంది.

"ఆ కెమెరా చర్మాన్ని నునుపు చేస్తుందండి," అన్నాడు అతను, ఎవరూ అడక్కుండానే. "నా చెంప మీద కాలిన మచ్చ ఉంది. దాంతో ఇప్పుడే తీసి చూడండి."

కొత్త కెమెరా అధికారి బల్ల మీదే ఉంది. దాని డయలు మీద టేపు లేదు. ఊడదీసిన చోట జిగురు ఇంకా మెరుస్తోంది. అతను అది కూడా చెప్పాడు. వకీలు అటు చూడనైనా చూడలేదు. "ఇవాళ ఎలా అమర్చి ఉందో దాన్నిబట్టి ఆ రోజు సంగతి తేలదు కదండీ," అన్నాడు. అధికారి తలూపాడు. "ఇది ప్రయోగశాల కాదు. మీరు వెళ్లొచ్చు."

ఉత్తర్వు వచ్చింది. వ్యక్తిగత పరికరంతో, నమోదు నిమిత్తం గాక అన్య ప్రయోజనం కోసం, విశ్వసనీయమైన తేదీ లేకుండా తీసిన చిత్రాలను సాక్ష్యంగా స్వీకరించజాలమని. అధికారిక చిత్రాలను, వాటి ఆధారంగా ఇచ్చిన వైద్య నివేదికను అనుసరించి, మృతుడు మెట్ల మీద నుంచి జారిపడి మరణించినట్లు నిర్ధారించడమైనదని. అందులో ఏ మాటకు ఆ మాట విడదీసి చూస్తే తప్పని చూపించడం కష్టం. అంత జాగ్రత్తగా కట్టారు. ఒక కెమెరా గాయాన్ని చూసి తేదీని మరిచింది. మరొకటి తేదీని గుర్తుపెట్టుకుని గాయాన్ని తుడిచింది. రెండింటిలో ఏది అబద్ధమాడిందో తేల్చడానికి కూర్చున్నవాళ్లు, తేదీ చెప్పినదే నిజం చెప్పిందన్నారు. ఎందుకంటే తేదీ వాళ్ల పని. గాయం ఆ కుర్రాడి పని.

ఆ రోజు హాలు మెట్ల మీద కండక్టరమ్మ అతనికి ఎదురొచ్చింది. ఏడవడం లేదు.

"బాబాయ్, ఒక్క అబద్ధం. ఒక్కటంటే ఒక్కటి చెప్పలేకపోయావా? వాళ్లు అన్ని చెప్పారు."

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇంటికెళ్తే భార్య అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. ఆ ఇంట్లో మాటలు భార్యవి. అవి ఆగిపోయాక ఇల్లు మార్చురీలా ఉండేది.

ఉత్తర్వు అడుగున ఇంకో వాక్యం ఉంది: ఇకమీదట సిబ్బంది సొంత కెమెరాలతో మార్చురీలో ప్రవేశించరాదు. పాత కెమెరా ఇంట్లో బీరువా పైకి చేరింది. కొత్తదాని డయలు మీద మళ్లీ టేపు వచ్చింది. అతను గోరుతో టేపు గీకి, నునుపు చేసే ఏర్పాటును ఆపేవాడు. మర్నాటికి స్టోరు గుమాస్తా మళ్లీ ఆటోలో పెట్టి మళ్లీ టేపు వేసేవాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు ఆ ప్రస్తావన తేలేదు. రేకు తలుపుకు అవతల మాత్రం నిశ్శబ్దం అలాగే ఉండిపోయింది. జనం నిలబడేవాళ్లు, తలుపుకు చెవులు ఆనించేవాళ్లు, ఏమీ వినకుండా శరీరాన్ని తీసుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఒకరోజు అతను ఎక్కిన బస్సులో ఆమే కండక్టరు. చూసింది, చూడనట్టే టికెట్ చింపి ఇచ్చింది. అతను కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె స్టాపుల పేర్లు కేకేస్తోంది, ఒక్కొక్కటీ విడదీసి, చివరి సీటుదాకా, నిద్రపోయేవాడు కూడా లేచి దిగేలా. ఆసుపత్రి స్టాపు వచ్చింది. అతను దిగబోతుంటే వెనక నుంచి గొంతు తగ్గించి అంది.

"ఇప్పుడు చప్పుడొస్తోందా అక్కడ?"

"లేదమ్మా. పాతది రానివ్వరు."

"బస్సుకి గంట పాడైతే నేనేం చేస్తాను బాబాయ్? ఊరుకుంటానా?" ఆమె ఇంకేదో అనబోయి, రైట్ రైట్ అని అరిచింది. బస్సు కదిలింది.

ఆ పూట మార్చురీలో ఒక ఆడమనిషి శరీరం ఉంది. పనిచేసే ఇంటి మేడ మీద నుంచి పడిందని కాగితం. వరండాలో ఆమె మొగుడు, ఎవరో నలుగురు. అతను పలక రాశాడు. టేపు గీకి, డయలు తిప్పాడు. పలకను తీశాడు. ఆ తర్వాత తలుపు వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"గడియారం, పలక. తీశాను," అన్నాడు. గొంతు జీరగా, వాడకుండా పడివున్న తాళంలా వచ్చింది.

బామ్మర్ది ఉలిక్కిపడ్డాడు. "ఎవరితో బావా?"

అతను శరీరం దగ్గరకు వంగాడు. తెరను కాదు, చర్మాన్ని చూశాడు. చూసి, నొక్కి, చెప్పాడు. "కుడి చెంప. కమిలి ఉంది." ఇంకో అడుగు జరిగాడు. "కుడి భుజం, వెనక. పాత గాయం, మానింది. దాని పక్కన కొత్తది."

"బావా, నీకు పిచ్చెక్కిందా? డాక్టరు వింటాడు. ఉద్యోగం ఊడుతుంది."

"విననీ." కెమెరా ముఖాన్ని చూసి అడగవలసింది అడిగింది. అతను 'వద్దు' నొక్కాడు. "ఎడమ మణికట్టు. చుట్టూ గీత."

బయట గొణుగుళ్లు ఆగిపోయాయి. ఒకరి చెవి రేకుకు ఆనుకున్న చప్పుడు వినబడింది. ఒక మగగొంతు తలుపుకు అవతల నుంచి అడిగింది.

"ఆ ఆఖరుది వినబడలేదండీ. కొంచెం గట్టిగా చెప్పండి."

అతను గట్టిగా చెప్పాడు.